డేవ్ గాలహర్: స్క్రమ్ పక్కన నిలబడ్డ మనిషి

వేల్స్ చేతిలో న్యూజిలాండ్ 3–0తో ఓడిన 1905 డిసెంబర్ 16 నాటి కార్డిఫ్ ఆట మాట ఎత్తగానే రగ్బీ తెలిసినవాళ్ళు ఒకటే అడుగుతారు: న్యూజిలాండ్ ఆటగాడు బాబ్ డీన్స్ బంతిని గీత దాటించాడా, లేదా? ఇన్నేళ్ళయినా న్యూజిలాండ్‌లో ఒక జవాబు, వేల్స్‌లో ఇంకో జవాబు. ఆ ఒక్క ప్రశ్న చుట్టూ తిరిగీ తిరిగీ అసలు సంగతి మరుగున పడిపోయిందని నా అభిప్రాయం. ఆ ఆట గీత దగ్గర పోలేదు, స్క్రమ్‌లో, అంటే రెండు జట్లూ గుమిగూడి బంతి కోసం తోసుకునే చోట, పోయింది. ఎలా పోయిందో తెలియాలంటే స్క్రమ్ పక్కన నిలబడి ఆ సాయంత్రమంతా రిఫరీ ఈలలు విన్న న్యూజిలాండ్ కెప్టెన్ డేవ్ గాలహర్ గురించి తెలియాలి. అతను ఆడిన స్థానం ఈనాటి రగ్బీలో లేదు. అందుకే అతని గొప్పతనం ఈనాటి వాళ్ళకు ఓ పట్టాన అర్థం కాదు.

పుట్టింది ఐర్లండ్‌లో, డానెగల్ కౌంటీలోని రామెల్టన్ అనే ఊళ్ళో, 1873 అక్టోబర్ 30న. తండ్రి జేమ్స్ దుకాణదారు, తల్లి మరియా. 1878లో కుటుంబం లేడీ జాస్లిన్ అనే ఓడలో న్యూజిలాండ్ చేరింది. బే ఆఫ్ ప్లెంటీ ప్రాంతంలో కాటికాటి అనే కొత్త వలస ఊరు, అక్కడ కొంత భూమి. గాలగర్ అన్న ఇంటిపేరును గాలహర్ అని మార్చుకున్నది ఆ దేశం వచ్చాకే. తండ్రి అప్పటికే పెద్ద వయసువాడు, సేద్యం అంతంతమాత్రం. బడిలో పాఠాలు చెప్పి ఇల్లు నెట్టుకొచ్చిన తల్లి 1887లో క్యాన్సర్‌తో పోయింది. డేవ్‌కు అప్పటికి 13 ఏళ్ళు. బడి మానేసి పనిలో చేరాడు.

1890లో కుటుంబం ఆక్లండ్ మారింది. 1895లో పాన్సన్‌బీ క్లబ్‌లో చేరాడు, 1896లో ఆక్లండ్ జట్టుకు ఆడాడు. జీవనోపాధి మాత్రం మాంసాన్ని శీతలీకరించి ఎగుమతి చేసే కంపెనీలో. కూలీగా చేరి ఫోర్‌మన్ అయ్యాడు. రోజంతా బరువులు మోసే ఆ పనే అతనికి వ్యాయామం కూడా. మనిషి ఆరడుగులు, బరువు 84 కిలోల దాకా. ఆ రోజుల లెక్కలో పొడగరి, కానీ స్క్రమ్‌లో తోయడానికి పుట్టిన భారీకాయం కాదు. ఈ కొలతలు గుర్తుంచుకోండి, అతనికి దొరికిన స్థానానికి సరిగ్గా ఇవే కావాలి.

1901లో బోయర్ యుద్ధానికి దక్షిణాఫ్రికా వెళ్ళాడు, 6వ న్యూజిలాండ్ కంటింజెంట్ అశ్విక రైఫిల్ దళంలో. చేరేటప్పుడు పుట్టిన సంవత్సరం 1876 అని రాయించాడు, అంటే వయసు మూడేళ్ళు తగ్గించి చెప్పాడన్నమాట. ఆ తర్వాత 10వ కంటింజెంట్‌లో స్క్వాడ్రన్ సార్జెంట్ మేజర్. యుద్ధం వల్ల 1901, 1902 రెండేళ్ళూ ఆక్లండ్ మైదానాలకు దూరమయ్యాడు. న్యూజిలాండ్ జట్టులోకి వచ్చింది 1903లో, 29 ఏళ్ళ వయసులో. ఆ ఆగస్టు 15న సిడ్నీలో ఆస్ట్రేలియా మీద న్యూజిలాండ్ తన మొట్టమొదటి టెస్టు ఆడి 22–3తో గెలిచింది. గాలహర్ అందులో హుకర్‌గా, అంటే స్క్రమ్ ముందు వరుసలో బంతిని కాలితో వెనక్కి లాగేవాడిగా, ఆడాడు. 1904 ఆగస్టులో వెల్లింగ్టన్‌లో బ్రిటిష్ జట్టును 9–3తో ఓడించిన టెస్టులో వింగ్ ఫార్వర్డ్. ఇక ఆ పేరు, ఆ స్థానం విడదీయరానివి అయిపోయాయి.

ఇంతకీ వింగ్ ఫార్వర్డ్ ఏం చేస్తాడు? ముందు స్క్రమ్ చూద్దాం.

రగ్బీలో చిన్న తప్పు జరిగితే, అంటే బంతి చేతిలోంచి ముందుకు జారితే, ఆట స్క్రమ్‌తో మళ్ళీ మొదలవుతుంది. రెండు జట్ల ఫార్వర్డ్‌లు, అంటే ముందుండి తోసే ఆటగాళ్ళు, ఒకరి భుజాలు ఒకరు పట్టుకొని, తలలు వంచి, ఎదుటివాళ్ళ తలల సందుల్లో తలలు దూర్చి తోస్తారు. మధ్యలో సొరంగంలాంటి ఖాళీ ఏర్పడుతుంది. అందులోకి బంతి వేస్తారు. ముందు వరుసలోని మనిషి కాలితో దాన్ని తన వెనక్కి లాగాలి. బంతి కాళ్ళ మధ్యగా దొర్లి వెనక బయటపడితే హాఫ్‌బ్యాక్ అందుకొని పరుగుకు తెర తీస్తాడు.

అప్పట్లో బ్రిటన్‌లో ఫార్వర్డ్‌లు ఎనిమిది మంది. మూడు, రెండు, మూడు చొప్పున మూడు వరుసలు. అయితే ఎవరి చోటు ఏదన్న నియమం లేదు. స్క్రమ్ దగ్గరికి ముందు చేరినవాడు ముందు వరుస, వెనక వచ్చినవాడు వెనక వరుస. ఒక స్క్రమ్‌లో హుకర్‌గా ఉన్నవాడు తర్వాతి స్క్రమ్‌లో వెనక నుంచి తోస్తుంటాడు. అందరికీ అన్నీ వచ్చు, ఏ ఒక్కడికీ ఏ ఒక్కటీ పూర్తిగా రాదు.

న్యూజిలాండ్ వాళ్ళు ఏడుగురితోనే స్క్రమ్ కట్టారు, ప్రతి ఒక్కరికీ చోటు ఖాయం చేసి. ముందు ఇద్దరు, మధ్య ముగ్గురు, వెనక ఇద్దరు. ముందున్న ఇద్దరూ హుకర్‌లే, కాడికి కట్టిన ఎడ్ల జతలాగా. మధ్య వరుసలో నడిమి మనిషి పేరు లాక్. ఆ ఇద్దరి తుంటి ఎముకల మధ్య తల పెట్టి ఇద్దరినీ ఒకేసారి తోస్తాడు, రెంటినీ కలిపి తాళం వేసినట్టు బిగించేది అతనే. అతనికి అటొకరు, ఇటొకరు ఉన్న పక్కవాళ్ళు ఒక్కో హుకర్‌ను బయటివైపు నుంచి తోస్తారు. వెనక ఇద్దరు లాక్‌కూ పక్కవాళ్ళకూ మధ్య ఉన్న సందుల్లో తలలు పెడతారు. పైనుంచి చూస్తే అది వజ్రం ఆకారం. ఎనిమిది మంది బలం మూడు తలల మీద పరుచుకుంటే, ఏడుగురి బలం రెండు తలల మీద కేంద్రీకృతమవుతుంది.

దీని లాభం బలం కాదు, వేగం. బంతి ముందు వరుసను దాటగానే వెనక దారి ఖాళీగా ఉంటుంది, అడ్డొచ్చే కాళ్ళు తక్కువ. రెండు క్షణాల్లో బయటికి వచ్చేస్తుంది. అవతలి ఎనిమిది మంది నడుములు వంచి తోపు మొదలుపెట్టేసరికి తోయడానికి అక్కడ పని ఉండదు. తిరగబడేది కూడా ఇక్కడే. బంతి ఏ కారణం వల్లనైనా లోపలే చిక్కుకుపోయి స్క్రమ్ నిఖార్సైన తోపులాటగా మారిందా, ఏడుగురు ఎనిమిది మందికి చాలరు, వెనక్కి జరుగుతారు. మొదటి క్షణంలో బంతి రాకపోతే ఈ పద్ధతికి రెండో బలం లేదు.

మిగిలిన ఎనిమిదో ఫార్వర్డే వింగ్ ఫార్వర్డ్. గాలహర్ స్క్రమ్‌లో తల పెట్టడు. బంతి తీసుకొని పక్కన నిలబడతాడు, సొరంగంలోకి వేస్తాడు. వేశాక వెనక్కి వెళ్ళిపోకుండా తమ స్క్రమ్ పక్కనే అంటిపెట్టుకొని ఉంటాడు. ఎందుకు? బంతి వెనక నుంచి రాగానే హాఫ్‌బ్యాక్ ఫ్రెడ్ రాబర్ట్స్ వంగి అందుకుంటాడు. సరిగ్గా అప్పుడే అవతలి హాఫ్‌బ్యాక్ స్క్రమ్‌ను చుట్టి వచ్చి మీద పడాలి. దారిలో ఆరడుగుల గాలహర్ ఉన్నాడు. అతన్ని చుట్టి రావాలంటే రెండు మూడు అడుగులు ఎక్కువ. ఆ రెండు మూడు అడుగుల వ్యవధి చాలు, రాబర్ట్స్ తల ఎత్తి చూసి, తీరిగ్గా పాస్ ఇవ్వడానికి. ఒకవేళ బంతి అవతలివాళ్ళకు చిక్కితే? గాలహర్ అప్పటికే స్క్రమ్ బయట, రెండు కాళ్ళ మీద ఉన్నాడు. అవతలి హాఫ్‌బ్యాక్ బంతి ఎత్తీ ఎత్తకముందే మీద పడతాడు. అందుకే ఆ స్థానానికి మహా భారీ మనిషి పనికిరాడు, మరీ పీలగా ఉన్నవాడూ పనికిరాడు.

ఇందులో మెలిక ఏమిటంటే, బంతి స్క్రమ్ వెనక్కి వచ్చేసిన క్షణం నుంచి గాలహర్ బంతికి ముందున్నట్టు. బంతికి ముందున్నవాడు ఎదుటివాణ్ణి అడ్డుకుంటే తప్పు. కదలకుండా ఉన్న చోటే ఉంటే సరే, అర అడుగు పక్కకు జరిగి దారి మూసేస్తే పెనాల్టీ. ఈ రెంటి మధ్య తేడా రిఫరీ కంట్లోనే ఉంటుంది. బంతి వేసేటప్పుడు మణికట్టుతో తిప్పి, నేల తాకగానే తమ హుకర్‌ల వైపు తిరిగేలా వేస్తున్నాడన్నది ఇంకో ఆరోపణ. బ్రిటిష్ పత్రికలు మోసగాడన్నంత దూరం వెళ్ళాయి. గాలహర్ తన ఆట నిబంధనలకు లోబడే ఉందని బహిరంగంగానే సమాధానం చెప్పాడు. నా మటుకు నాకు, అది నిబంధనల అంచు మీద ఆడిన ఆట. అంచు మీద ఆడేవాడు కొన్నిసార్లు దాటుతాడు కూడా. అంతమాత్రాన మోసగాడు కాడు. ఆ రోజుల ఫోటోల్లో అతని మేజోళ్ళ మీద, బయటే కట్టుకున్న మోకాటి కింది తోలు కవచాలు కనిపిస్తాయి. స్క్రమ్ అంచున నిలబడేవాడి పిక్కలకు ఎన్ని బూటు దెబ్బలు తగిలేవో అవే చెబుతాయి.

ఎనిమిదో మనిషిని బయటికి తీశాక బ్యాక్‌ల, అంటే స్క్రమ్ వెనక నిలబడి బంతితో పరిగెత్తేవాళ్ళ, అమరిక కూడా మారింది. హాఫ్‌బ్యాక్ ఒకడు, త్రీ క్వార్టర్‌లు ముగ్గురు, ఫుల్‌బ్యాక్ ఒకడు. మధ్యలో మిగిలిన ఇద్దరికి పేరేమి పెట్టాలి? లెక్క చూడండి: హాఫ్ అంటే అర, ఎనిమిదింట నాలుగు. త్రీ క్వార్టర్ అంటే ముప్పావు, ఎనిమిదింట ఆరు. నడుమ నిలబడేవాడు ఎనిమిదింట అయిదు, ఫైవ్ ఎయిత్! న్యూజిలాండ్‌లో ఈనాటికీ ఆ పేరే వాడతారు.

ఇక 1905 బ్రిటన్ పర్యటన. గాలహర్‌ను కెప్టెన్‌గా, సౌత్‌లండ్‌కు చెందిన బిల్లీ స్టెడ్‌ను వైస్ కెప్టెన్‌గా ప్రకటించారు. జులై 30న వెల్లింగ్టన్‌లో రిముటాకా ఓడ ఎక్కారు. ఓడ కదిలిందో లేదో దక్షిణ ద్వీపం ఆటగాళ్ళలో గొణుగుడు మొదలైంది: ఆక్లండ్ వాళ్ళ పెత్తనం ఎక్కువైందని. గాలహర్ రాజీనామా చేశాడు, వెంటనే స్టెడ్ కూడా. మేనేజర్ జార్జ్ డిక్సన్ ఒప్పుకోలేదు. చివరికి ఓటింగ్ పెడితే 29 మందిలో 17 మంది గాలహర్ వైపు నిలిచారు. గొప్ప మెజారిటీ ఏం కాదు. ఆ 12 మందితో సహా అందరినీ ఆరు వారాల సముద్ర ప్రయాణంలో ఒక్క తాటి మీదికి తేవడమే అతని మొదటి విజయం అంటాను. ఓడ డెక్కు మీదే శిక్షణ. ఫార్వర్డ్‌లను గాలహర్, లాక్ బిల్ కనింగ్‌హామ్ చూసుకున్నారు, బ్యాక్‌లను స్టెడ్ చూసుకున్నాడు. జట్టుకు కోచ్‌గా జిమ్మీ డంకన్‌ను పంపారు గానీ ఆటగాళ్ళకు అసలు గురువులు గాలహర్, స్టెడ్‌లే. ప్రతి ఆటకు ముందు ఒక గంట ఎవరికి వారు మౌనంగా కూర్చొని రాబోయే ఆటను మనసులో ఆడి చూసుకోవాలన్నది గాలహర్ పెట్టిన నియమం. బ్యాక్‌ల కదలికలకు, లైనవుట్లకు (పక్కగీత దాటిన బంతిని మళ్ళీ లోపలికి విసిరే సందర్భాలకు) సంకేత పదాలు పెట్టుకున్నారు, ప్రత్యర్థికి అర్థం కాకుండా. ఖర్చులకు ఆటగాడికి రోజుకు 3 షిల్లింగులు.

సెప్టెంబర్ 8న ప్లిమత్‌లో దిగారు. 16న ఎక్సెటర్‌లో డెవన్ కౌంటీ మీద మొదటి ఆట. అప్పటి లెక్కలో ట్రైకి, అంటే బంతిని అవతలి గీత దాటించి నేలకు ఆనిస్తే, 3 పాయింట్లు, దాని తర్వాత తన్నే గోల్‌కు 2, పెనాల్టీ గోల్‌కు 3, ఆట నడుస్తుండగా బంతిని నేలకు వదిలి తన్నే డ్రాప్ గోల్‌కు 4. పది పాయింట్లు చేసిన జట్టు బాగా ఆడినట్టు లెక్క. న్యూజిలాండ్ 55–4తో గెలిచింది. బిల్లీ వాలెస్ ఒక్కడే 28 పాయింట్లు. ఈ స్కోరు చూసి లండన్‌లో నమ్మనివాళ్ళు ఉన్నారంటే ఆశ్చర్యం లేదు. న్యూజిలాండ్ జట్టుకు ఆల్ బ్లాక్స్ అన్న పేరు జనం నోళ్ళలో నానింది ఈ పర్యటనలోనే.

నవంబర్ 18న ఎడిన్‌బరోలోని ఇన్వర్‌లీత్ మైదానంలో స్కాట్లండ్ టెస్టు. మన దేశపు వెండి రూపాయలు కరిగించి చేసిన కలకత్తా కప్ కోసం ఇంగ్లండ్‌తో పోటీపడే స్కాట్లండే ఇది. డబ్బు గ్యారంటీ ఇవ్వం, కావాలంటే గేటు వసూలు తీసుకోండి అన్నారు వాళ్ళ యూనియన్ వాళ్ళు. జనం పోటెత్తడంతో ఆ మాట వాళ్ళకే బెడిసికొట్టింది. మైదానం గడ్డకట్టి గట్టిగా ఉంది. విరామానికి స్కాట్లండ్ 7–6 ఆధిక్యం. ఆఖరి నిమిషాల్లో జార్జ్ స్మిత్ ట్రై, ఆ వెంటనే కనింగ్‌హామ్ ట్రై, 12–7. వారం తర్వాత డబ్లిన్‌లో ఐర్లండ్ మీద 15–0. గాయం వల్ల గాలహర్ ఆడలేదు, పుట్టిన దేశం మీద టెస్టు ఆడే అవకాశం అలా తప్పిపోయింది. డిసెంబర్ 2న లండన్‌లోని క్రిస్టల్ ప్యాలెస్‌లో ఇంగ్లండ్ మీద మళ్ళీ 15–0. డంకన్ మెగ్రెగర్ ఒక్కడే నాలుగు ట్రైలు కొట్టాడు.

ఆ తర్వాత కార్డిఫ్.

మిగతా జట్లు న్యూజిలాండ్‌ను చూసి బిత్తరపోతే, వేల్స్ వాళ్ళు చూసి నేర్చుకున్నారు. వేల్స్ ఆటగాడు పెర్సీ బుష్ 1904లో బ్రిటిష్ జట్టు పర్యటనలో న్యూజిలాండ్‌కు వెళ్ళి అక్కడి ఆట ప్రత్యక్షంగా చూసొచ్చినవాడు. రిటైరైన గ్విన్ నికల్స్‌ను మళ్ళీ పిలిచి కెప్టెన్‌ను చేశారు. వేల్స్ కూడా ఏడుగురు ఫార్వర్డ్‌లకు దిగి, క్లిఫ్ ప్రిచర్డ్‌ను బయట అదనపు మనిషిగా నిలబెట్టింది. గాలహర్‌కు సరిజోడుగా ఒకణ్ణి వదిలినట్టు. అన్నిటికన్నా ముఖ్యం స్క్రమ్‌లో వేసిన ఎత్తు. న్యూజిలాండ్ ఇద్దరు హుకర్‌లూ తలలు దించేదాకా వెల్ష్ ముందు వరుస ఆగేది. బంతి ఏ వైపు నుంచి రాబోతోందో చూసుకొని, ఆ వైపు బయటి తల తమదయ్యేలా సర్దుకొని అప్పుడు దిగేది. అలా చేస్తే లోపలికొచ్చే బంతికి ముందు ఎదురయ్యేది వెల్ష్ కాలు.

న్యూజిలాండ్ పద్ధతికి ప్రాణం మొదటి క్షణంలో వచ్చే బంతి అనుకున్నాం కదా, వేల్స్ కొట్టింది సరిగ్గా ఆ మర్మం మీదే. పైగా లాక్ కనింగ్‌హామ్ ఆ రోజు లేడు, అతని చోట ఫ్రెడ్ న్యూటన్ ఆడాడు. బ్యాక్‌లకు బుర్ర లాంటి స్టెడ్ కూడా లేడు. రిఫరీ జాన్ డాలస్ స్కాట్లండ్ మాజీ ఆటగాడు. బంతి సూటిగా వేయడం లేదని గాలహర్ మీద పదే పదే ఈల ఊదాడు. ప్రతి పెనాల్టీకీ బంతి వేల్స్ ఆటగాళ్ళు బుష్, విన్‌ఫీల్డ్‌ల కాళ్ళ కిందికి, వాళ్ళు కొడితే ఆట న్యూజిలాండ్ సగంలోకి. చివరికి గాలహర్ తన హుకర్‌లతో బంతి కోసం పోటీపడవద్దని చెప్పేశాడు. పెనాల్టీ ఇచ్చుకోవడం కంటే బంతిని వేల్స్‌కు వదిలేసి, వాళ్ళు పరిగెత్తితే పట్టుకోవడం మేలని లెక్క. ఏడుగురి స్క్రమ్ కట్టుకున్నదే బంతి కోసం. ఆ బంతినే వదులుకున్నాక ఇంకేముంది? ఓటమి అక్కడే రాసిపెట్టినట్టయింది.

వేల్స్ ట్రై మొదటి సగంలో వచ్చింది, అదీ స్క్రమ్ నుంచే. హాఫ్‌బ్యాక్ డిక్కీ ఓవెన్ బంతి అందుకొని కుడివైపు పరిగెత్తాడు. ఆటంతా అటే పోతుందనుకొని న్యూజిలాండ్ రక్షణ అటు ఒరిగింది. ఓవెన్ ఒక్కసారిగా ఎడమవైపు ప్రిచర్డ్‌కు విసిరాడు, అతన్నుంచి రీస్ గేబ్‌కు, గేబ్ నుంచి టెడ్డీ మోర్గన్‌కు. మోర్గన్ ఎడమ మూలన బంతి పెట్టాడు. 3–0. గోల్ పడలేదు. మళ్ళీ ఎవరూ స్కోరు చేయలేదు.

రెండో సగంలో వాలెస్ ఎవరి చేతిలోనూ లేని బంతిని అందుకొని వెల్ష్ వరుసను చీల్చుకుంటూ వెళ్ళి డీన్స్‌కు పాస్ ఇచ్చాడు. డీన్స్ గీత దగ్గర పడ్డాడు. గీతకు 6 అంగుళాలు అవతల బంతి పెట్టానని, రిఫరీ వచ్చేలోపు తనను వెనక్కి లాగేశారని తర్వాత పత్రికకు టెలిగ్రామ్ ఇచ్చాడు. వెనకబడి వచ్చిన డాలస్ బంతి గీతకు ఇవతలే ఉందని అయిదు గజాల స్క్రమ్ ఇచ్చాడు. పాపం డీన్స్ 1908లో, 24 ఏళ్ళకే, అపెండిసైటిస్ ఆపరేషన్ తర్వాత చనిపోయాడు. వాదం మాత్రం అతని పేరు మీద బతికే ఉంది. ఆ ట్రై ఇచ్చి ఉంటే స్కోరు సమం అయ్యేది, అంతవరకూ నిజం. అయితే మిగతా 60, 70 నిమిషాలు బంతి ఎవరి చేతిలో ఉందో చూస్తే వేల్స్ గెలుపు న్యాయమైనదే. గాలహర్ కూడా మెరుగైన జట్టే గెలిచిందని ఒప్పుకున్నాడు. ఆట అయ్యాక జెర్సీ విప్పి నికల్స్‌కు ఇచ్చాడు. 2015లో అదే జెర్సీ కార్డిఫ్ వేలంలో 1,80,000 పౌండ్లు పలికింది.

కార్డిఫ్ ఓటమిని ఒంటరి పొరపాటుగా చూడకూడదనడానికి తర్వాతి రెండు వారాలే సాక్ష్యం. వేల్స్‌లోనే గ్లామొర్గన్ మీద 9–0, న్యూపోర్ట్ మీద 6–3, కార్డిఫ్ క్లబ్ మీద 10–8, స్వాన్సీ మీద 4–3. నాలుగూ గెలిచారు గానీ ప్రతిదీ ప్రాణం మీదికి వచ్చిన గెలుపే. స్వాన్సీలో వాలెస్ డ్రాప్ గోల్ పడకపోతే రెండో ఓటమి నమోదయ్యేది. కిటుకు వెల్ష్ వాళ్ళకు తెలిసిపోయింది, న్యూజిలాండ్ వాళ్ళకు ఒళ్ళు హూనమైంది. మూడున్నర నెలల్లో 32 ఆటలు, అదీ ఆట మధ్యలో గాయపడితే మరొకణ్ణి దించే వీలులేని కాలంలో.

1906 జనవరి 1న పారిస్‌లో ఫ్రాన్స్‌ను 38–8తో ఓడించారు. ఫ్రాన్స్‌కు అదే మొదటి అంతర్జాతీయ ఆట. తిరుగు ప్రయాణంలో కాలిఫోర్నియాలో కెనడాకు చెందిన బ్రిటిష్ కొలంబియా జట్టుతో రెండు ఆటలు. మొత్తం 35 ఆటల్లో 34 గెలుపులు, చేసినవి 976 పాయింట్లు, ఇచ్చినవి 59. బ్రిటన్, ఐర్లండ్‌ల వరకే చూస్తే 32 ఆటల్లో 830కి 39.

పర్యటన ముగింపులో ఒక ప్రచురణకర్త కోరితే గాలహర్, స్టెడ్ కలిసి తమ పద్ధతిని పుస్తకంగా రాశారు. 322 పేజీలు, ఇద్దరికీ కలిపి 100 పౌండ్లు. స్క్రమ్ కట్టడం, పాస్ ఇవ్వడం, శిక్షణ, కెప్టెన్ బాధ్యతలు, అన్నీ బొమ్మలతో సహా విప్పి చెప్పారు. తమ రహస్యాలన్నీ ప్రత్యర్థుల చేతుల్లో పెట్టేశారన్నమాట. దాచుకోవాలన్న ఆలోచనే లేదు వాళ్ళకు.

గాలహర్ మొత్తం న్యూజిలాండ్‌కు 36 ఆటలు ఆడాడు, వాటిలో 6 టెస్టులు, 4 టెస్టుల్లో కెప్టెన్. పర్యటన అయ్యాక ఆట మానేశాడు. 1906లో ఎలెన్ ఫ్రాన్సిస్‌ను పెళ్ళి చేసుకున్నాడు, 1908లో కూతురు నోరా పుట్టింది. 1906 నుంచి 1916 దాకా ఆక్లండ్ జట్టు సెలెక్టర్, కోచ్. ఆక్లండ్ 1905 నుంచి 1913 దాకా న్యూజిలాండ్ ప్రాంతీయ జట్లు పోటీపడే రాన్‌ఫర్లీ షీల్డ్‌ను ఎవరికీ వదల్లేదు. 1907 నుంచి 1914 దాకా జాతీయ సెలెక్టర్ కూడా.

1916లో, మొదటి ప్రపంచ యుద్ధం నడుస్తుండగా, 42 ఏళ్ళ వయసులో మళ్ళీ సైన్యంలో చేరాడు. ఎవరూ బలవంతపెట్టలేదు. ఫ్రాన్స్‌లో తమ్ముడు డగ్లస్ చనిపోయాడని తెలిసి పగ తీర్చుకోవడానికి చేరాడని తరచూ రాస్తుంటారు. తేదీలు ఆ మాటను ఒప్పుకోవు: గాలహర్ పేరిచ్చింది మే నెలలో, డగ్లస్ లావెంటీ దగ్గర చనిపోయింది జూన్ 3న. మళ్ళీ 1876లో పుట్టానని రాయించాడు. ఆక్లండ్ రెజిమెంట్ 2వ బెటాలియన్‌లో సార్జెంట్‌గా బెల్జియం చేరాడు. 1917 అక్టోబర్ 4న బ్రూడ్‌సీండ్ దాడిలో, గ్రావెన్‌స్టాఫెల్ గుట్ట మీదికి వెళ్తుండగా షెల్ ముక్క హెల్మెట్‌ను చీల్చుకొని తలలో దిగింది. ఆస్ట్రేలియా వైద్య శిబిరానికి చేర్చారు గానీ ఆ రోజే ప్రాణం పోయింది. పోపరింగ దగ్గర నైన్ ఎల్మ్స్ శ్మశానంలో ఖననం చేశారు. రాతి మీద న్యూజిలాండ్ గుర్తైన వెండి ఫెర్న్ ఆకు చెక్కారు, వయసు 41 అని రాశారు. నిజానికి 43, ఇంకో 26 రోజులైతే 44.

1922 నుంచి ఆక్లండ్ క్లబ్ పోటీలకు ఇచ్చే షీల్డ్ అతని పేరు మీదే. 2000 నుంచి ఫ్రాన్స్, న్యూజిలాండ్‌లు టెస్టులు ఆడేది డేవ్ గాలహర్ ట్రోఫీ కోసం. 1924లో బ్రిటన్‌లో ఒక్క ఆటా ఓడని ఆల్ బ్లాక్స్ జట్టు బెల్జియం వెళ్ళి అతని సమాధిని దర్శించుకుంది. ఆ జట్టు కూడా ఏడుగురి స్క్రమ్‌తో, పక్కన వింగ్ ఫార్వర్డ్‌తోనే ఆడింది. 1930లో బ్రిటిష్ జట్టు న్యూజిలాండ్ వచ్చినప్పుడు వాళ్ళ మేనేజర్ వింగ్ ఫార్వర్డ్‌ను మోసగాడనడంతో పాత గొడవ మళ్ళీ రాజుకుంది. ఆ తర్వాత ముందు వరుసలో ముగ్గురు ఉండాలని నిబంధన మారింది, 1932 నాటికి న్యూజిలాండ్ కూడా ఎనిమిది మంది స్క్రమ్‌కు వచ్చేసింది. అప్పటి నుంచి బంతి వేసే పని హాఫ్‌బ్యాక్‌ది.